ఏ నో అండీ?

మైలవరం బస్టాండులో బస్సు ఇంకా గేటు దాటకముందే ఇయర్‌ఫోన్‌లో ఫోను గొంతు, ఎవరి కొంపా మునగనట్టు, రెండే రెండు మాటలు చెప్పి ఊరుకుంది. ఉషశ్రీ. నో. శరత్‌చంద్ర ఒక చేత్తో పైకమ్మీ పట్టుకుని, రెండో చేతిలో మడిచిన తెల్లకర్రతో, భుజాన సంచీతో నిలబడి ఉన్నాడు, వెనకనుంచి ఎవరి సంచిలోనిదో పనసపండు వాసన, ముందునుంచి కొత్త చీర గంజి వాసన, ఆడవాళ్ళకి టిక్కెట్టు లేకుండా పోయాక సాయంత్రం బస్సులన్నీ పెళ్ళివారి బస్సుల్లా కళకళలాడుతున్నాయి, ఆ సందట్లో మాట సరిగ్గా వినపడలేదేమో అన్న అనుమానం కాదు అతనిది, వినపడింది, శుభ్రంగా వినపడింది, కానీ ఏ నో? పుట్టుకతోనే చూపు లేనివాడు కాబట్టి తెరమీదికి ఏది వచ్చినా ఆ గొంతే చదివిపెడుతుంది, ఆ గొంతుకి 'వద్దు' అనే నో అయినా 'తెలుసు' అనే నో అయినా ఒకటే, రెండిటికీ ఒకటే శ్రుతి, ఒకటే విసురు. పొద్దున్నే కదా డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకి ఈ పాఠమే చెప్పాడు, ఒకేలా పలికి వేరే అర్థాలిచ్చే మాటలు, చెవిని నమ్మకండి అక్షరాలు చూసుకోండి అని బల్ల గుద్దాడు, గుద్దినందుకు పిల్లలు నవ్వారు కూడా, చెవి తప్ప ఇంకో ఆధారం లేని మేష్టారు ఆ మాట అనటం వాళ్ళకి సరదాగా అనిపించింది, అతనికీ అనిపించింది, ఇప్పుడు మాత్రం అనిపించటం లేదు.

అక్షరాలు చూసుకోవటం ఎంతసేపు పని, తెరమీద వేలు పెట్టి పక్కకి జరిపితే ఒక్కో అక్షరమే చెప్తుంది, కానీ దానికి చెయ్యి ఖాళీ ఉండాలి, బస్సు జి.కొండూరు దారి పట్టింది, గుంటల్లో పడి లేస్తోంది, కమ్మీ వదిలితే గంజిచీరావిడ మీద పడతాడు. అంతవరకూ నిజమే. మధ్యాహ్నం భోజనాల వేళ కాలేజీ వెనక గోడ దగ్గర, తనూ చినుకుల చప్పుడూ తప్ప ఎవరూ లేరని రెండుసార్లు దగ్గి చూసుకుని, ఫోనులో తన గొంతు రికార్డు చేసి పంపించాడు. రాసి పంపుదామనుకున్నాడు గానీ రాస్తే దిద్దుకుంటూ కూర్చుంటాడు, పదేళ్ళుగా దిద్దుకుంటూనే ఉన్నాడు. ఉషా, నీకు తెలుసో తెలీదో గానీ, అని మొదలుపెట్టాడు, అక్కడిదాకా బాగా గుర్తుంది, తర్వాత పెళ్ళి అనే మాట వచ్చింది, అదీ గుర్తుంది, ఆ తర్వాత గుండె చెవుల్లో కొట్టుకోవటం మొదలై ఏం వాగాడో తనకే తెలీదు. నీకు తెలుసో తెలీదో అన్నదానికి జవాబు 'తెలుసు' అయితే? ఉష అలాగే పెడుతుంది, దుకాణంలో తీరిక ఉండదు, తిన్నావా అంటే 'తిన్నా' అనటానికి ఇంగ్లీషులో ఒక్క మాట, వస్తున్నావా అంటే ఒక్క మాట. తెలుసు. ఇన్నేళ్ళుగా తెలుసు. అయ్యుండొచ్చు. ఎందుకు కాకూడదు?

"బాబూ, ఇట్టా రా, కూకో. నేను నాలుగు వేళ్ళ మందం జరిగితే నీకూ చోటుంటది" అని పనసపండు వాసన అతని మోచెయ్యి పట్టి లాగింది. ఆవిడ గొంతు లావు, చెయ్యి గరుకు, పేరు రావమ్మట, కూతురు భవానీపురంలో ఉందట, పండు కూతురికట, ఇంకో రెండు నిమిషాల్లో ఆ కూతురి అత్తగారి మోకాళ్ళ నొప్పుల గురించి కూడా అతనికి తెలిసిపోయింది. సీటు దొరికింది, కర్ర ఒళ్ళో ఉంది, రెండు చేతులూ ఖాళీ. ఇంక అడ్డేమీ లేదు. చొక్కా జేబులో ఫోను వెచ్చగా తగులుతోంది. తీయలేదు. చిత్రం కాకపోతే, నో అనే రెండక్షరాల మాటకి ముందొక మూగ కె, వెనకొక నోరెత్తని డబ్ల్యూ వచ్చి నిలబడితే చాలు అది 'తెలుసు' అయిపోతుంది, ఆ ఇద్దరూ ఏమీ మాట్లాడరు, ఊరికే నిలబడతారు, ఉన్నారో లేరో చెవికి తెలీదు, వాళ్ళుంటే పెళ్ళి, లేకపోతే లేదు. చూడనంతసేపూ వాళ్ళు ఉన్నట్టే. అందుకే జి.కొండూరు దాకా వాళ్ళని ఉండనిద్దాం అనుకున్నాడు.

ఉషకి స్పెల్లింగులంటే మొదటినుంచీ లెక్కలేదు. తన డిగ్రీ ఆఖరి సంవత్సరం పరీక్షలకి, తను చెప్తూంటే పక్కన కూర్చుని రాయటానికి ఒక మనిషి కావాలి, ఇంటర్ చదివే పిల్ల ఒకతి ఒప్పుకుందని కాలేజీవాళ్ళు పంపించారు. వచ్చి కూర్చోగానే సబ్బు వాసనా, దాని కిందనుంచి వదలని గ్రీజు వాసనా. ఆటోనగర్‌లో లారీ బ్రేకుల దుకాణం మాది, నాన్నపేరు తిరుపతిరావు, రాత మాత్రం గుండ్రంగా ఉంటదండీ, మీరేం భయపడకండి అంది, తను పరీక్ష రాస్తున్నట్టూ అతను తోడొచ్చినట్టూ. సముద్రం మీద పద్యం గురించిన ప్రశ్న. అలలు ఒడ్డుకి తగిలి విరుగుతాయి అన్న వాక్యం ఇంగ్లీషులో చెప్పాడు, చెప్పి, ఎందుకో అనుమానమొచ్చి, బ్రేక్ స్పెల్లింగ్ చెప్పమ్మా అన్నాడు గొంతు తగ్గించి. బి, ఆర్, ఎ, కె, ఇ. అది కాదు, అది బండికుండే బ్రేకు. మరి ఇంకేం బ్రేకుందండీ? విరగటం. విరిగితే బ్రేకులు మార్చాలండీ, అందుకే అది. అతనికి నవ్వాగలేదు, ఆ పిల్లకి ఆగలేదు, పరీక్ష హాల్లో నవ్వేంటని కాపలా మేష్టారు చెప్పుల చప్పుడు చేసుకుంటూ వచ్చాడు. ఆ పేపర్లో అలలు ఎన్నిచోట్ల విరిగాయో ఎన్నిచోట్ల బ్రేకులు వేశాయో ఆ దేవుడికే తెలియాలి, మార్కులు మాత్రం బాగానే వచ్చాయి, దిద్దినాయన కూడా ఏ లారీల ఇంటివాడో అయ్యుంటాడని ఉష తర్వాత చాలాసార్లు అంది.

ఎమ్మే పుస్తకాలు అతని వేళ్ళకి అందే చుక్కల లిపిలో దొరకలేదు. చదివి రికార్డు చేస్తాలెండి అంది, చేసింది, రెండేళ్ళు, దుకాణంలో గల్లాపెట్టె దగ్గర కూర్చుని. అందుకే ఇప్పటికీ ఏ విమర్శ వ్యాసం తలుచుకున్నా దాని వెనక లారీ బ్రేకు డ్రమ్ము మీద సుత్తి దెబ్బలు వినపడతాయి అతనికి, విషాదాంత నాటకం గురించి ఆమె చాలా గంభీరంగా చదువుతూ చదువుతూ మధ్యలో "జక్కయ్య బాబాయ్, ఆ రివెట్లు అవి కాదు, చిన్నవి!" అని కేకవేసి మళ్ళీ అక్కడినుంచే విషాదం అందుకునేది. ఆ కేకలు తీసేయనా అంటే వద్దన్నాడు. బదులుగా ఆమెకి ఇంగ్లీషు నేర్పాడు, నేర్పాడు అనటం పెద్దమాట, కంపెనీలకి పంపే మెయిళ్ళు తనకి ముందు వినిపించేది, వింటే అన్నీ బాగానే ఉండేవి, ఒకసారి ఒక కంపెనీవాళ్ళు ఫోన్ చేసి మా కంపెనీలో జింక మేనేజరు గారు ఎవరండీ అని నవ్వేదాకా ఇద్దరికీ తెలీలేదు, డియర్ అన్నచోట జింక స్పెల్లింగు వేసి ఏడాదినుంచీ పంపుతోందని. ఆ రోజునుంచి అక్షరం అక్షరం విని దిద్దటం అలవాటైంది. వారానికి నాలుగు సాయంత్రాలు. అది పోతుందేమో. నో అంటే పెళ్ళొక్కటే కాదు పొయ్యేది, ఆ సాయంత్రాలు పోతాయి, రేపటినుంచి ఆమె ఏ కంపెనీవాణ్ణయినా జింకని చేసుకోవచ్చు, అడిగేవాడు ఉండడు. అడక్కుండా ఉంటే ఉండేవి కదా? ఉండేవా? పోయిన సోమవారం, మెయిలు దిద్దుతూండగా మామూలుగా అంది, మైలవరం వైపునుంచి ఒక సంబంధం వచ్చిందండీ, మామిడి తోటలున్నాయట, ఆదివారం లోపల నాన్న ఏదో ఒకటి చెప్పాలట. అని ఆగింది. అతను కామా తర్వాత ఖాళీ వదలాలి అన్నాడు. ఆ ఖాళీ గుర్తొస్తే ఇప్పటికీ చెంపలు వేసుకోవాలనిపిస్తుంది.

"ఏంది బాబూ, నీలో నువ్వే నవ్వుకుంటన్నావు, నీలో నువ్వే నిట్టూరుస్తన్నావు?" అంది రావమ్మ.

దాచుకునే ఓపిక లేకపోయింది. "ఒక అమ్మాయి నాకొక మాట పంపించిందండీ. అది ఏ మాటో తెలుసుకోటానికి భయంగా ఉంది."

"భయవెందుకు? నాకు చదువు రాదు గానీ, అదుగో మన కండక్టరున్నాడుగా. ఏవయ్యో నతానియేలూ, ఇట్టా రా, ఈ బాబుకి ఫోన్లో ఏవొచ్చిందో చదివిపెట్టు."

వద్దనేలోపలే టిక్కెట్ల మిషను కిర్రుమంటూ దగ్గరకొచ్చింది. నతానియేలు రోజూ ఈ బస్సులో సారుని చూసేవాడే, జేబులోంచి ఫోను మర్యాదగా తీసుకున్నాడు. "నో అనుందండీ సార్."

"నో అని నాకూ తెలుసండీ. ఏ నో అండీ? ముందు కె ఉందా?"

"ఓకేనా? ఓకే లేదు సార్. నో యే ఉంది."

"ఓకే కాదండీ. కె. నో కి ముందు కె అక్షరం."

"ఓకే అంటే నేను చెప్పనా సార్ మీకు? పాపం, లేదండీ" అని బాధగా అంటూండగానే వెనకనుంచి ఎవరో "హోల్డాన్" అన్నారు, కండక్టరు ఫోను ఒళ్ళో పెట్టేసి అటు పరిగెత్తాడు. బస్సులో సగంమందికి విషయం అర్థమైపోయింది. గంజిచీరావిడ చ్చొచ్చొచ్చొ అంది. ఆ సానుభూతి భరించటం కన్నా నిజం తెలుసుకోవటమే నయమనిపించింది. ఫోను ఎత్తాడు, వేలు ఆనించాడు, పక్కకి జరిపాడు. ఎన్. అంటే కె లేదు. ఒక్క క్షణం, కె అంతకుముందే దాటిపోయిందేమోనని వెనక్కి జరిపాడు, ముందేమీ లేదు. ఎన్. ఓ. ఇంకా జరిపాడు. ఏమీ లేదు. చుక్క కూడా పెట్టలేదు ఆ పిల్ల, ఎన్నిసార్లు చెప్పాడు వాక్యం చివర చుక్క పెట్టాలని.

అయితే ఇదీ. కొండపల్లి వచ్చినట్టుంది, కిటికీలోంచి తడిమట్టి వాసనతో పాటు వేరుశనక్కాయలు వేగుతున్న వాసన. లోకం ఏమీ మారలేదు, వేరుశనక్కాయలు వేగుతూనే ఉన్నాయి, రావమ్మ అతని మోకాలు తడుతూనే ఉంది, మామిడి తోటలాయన మంచివాడే అయ్యుంటాడు, రంగులూ కొండలూ అన్నీ చూడగలవాడు, ఆమె కొత్త చీర కట్టుకుంటే బాగుందని చెప్పగలవాడు. తను ఏం చెప్పగలడు? గొంతులో జలుబుంది, మందు వేసుకో అని చెప్పగలడు, వేసుకుంటుంది కూడా. అంతే కదా. అమ్మ బాలసరస్వతి ఈ సంగతి తను చెప్పకుండానే కనిపెట్టి, అడిగిచూడరా, కాదంటే కాఫీ తాగుదాం అంది పొద్దున. సరే, కాఫీ తాగుదాం. కానీ అసలు తను ఏమడిగాడో ఒక్కసారి వినాలి కదా, ఎక్కడ పాడుచేశాడో, ఎమ్మే చదివిన నోరు ఎక్కడ తడబడిందో. తను పంపిన రికార్డు వెతికి పెట్టుకున్నాడు. ఇయర్‌ఫోన్‌లో తన గొంతు తనకే ఎవరిదో అనిపించింది, ఉషా, నీకు తెలుసో తెలీదో గానీ నువ్వు లేని రోజు నాకు ఒక్క పేజీ కూడా ముందుకు కదలదు, మనిద్దరం పెళ్ళి చేసుకుందామా? తర్వాత దగ్గు. తర్వాత, ఇలా ఫోన్లో అడిగేశానని కోపమొచ్చిందా? తర్వాత ఇంకా గాభరాగా, పోనీ సాయంత్రం నేనే దుకాణానికి వచ్చి మీ నాన్నగారితో మాట్లాడనా?

మూడు ప్రశ్నలు. శరత్‌చంద్ర ఇయర్‌ఫోన్ పీకేశాడు. ఒక జవాబుకి మూడు ప్రశ్నలు పెట్టిన మేష్టారు ఈ భూమ్మీద తనొక్కడే అయ్యుంటాడు. పెళ్ళి చేసుకుందామా, నో. కోపమొచ్చిందా, నో. దుకాణానికి రానా, నో. మొదటిదైతే అంతా పోయింది, రెండోదైతే అంతా మిగిలింది, మూడోదైతే ఏదీ తేలలేదు. స్పెల్లింగు కోసం ఇంతసేపు ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు గానీ, స్పెల్లింగు తేలాక మాట ఇంకా చిక్కుపడిపోయింది. నవ్వొచ్చింది, గట్టిగానే, రావమ్మ కంగారుపడి మంచినీళ్ళ సీసా చేతిలో పెట్టింది.

"ఆవిడ కాదందో ఔనందో నాకు తెలీదండీ" అన్నాడు. "మళ్ళీ అడగాలి."

"మరి అడుగు. ఫోనుందిగా."

ఫోన్ చేశాడు. మోగింది, మోగి మోగి ఆగింది. ఎత్తలేదు. ఎత్తకపోవటానికి స్పెల్లింగు లేదు, దాన్నెలా చదవాలి? థర్మల్ స్టేషను హోరు దూరాన్నుంచి సన్నగా మొదలై దగ్గరవుతోంది, బూడిద లారీలు వరసగా ఎదురొస్తూంటే వాటి గాలి చెంపకి తగులుతోంది, ఒక్కో లారీ మలుపు దగ్గర వేగం తగ్గిస్తూ కీచుమంటోంది, ఆ కీచుని బట్టి బ్రేకు లైనింగు అరిగిందో లేదో చెప్పగలదు ఉష, తనక్కూడా నేర్పింది, ఇది అరిగింది, ఇది కొత్తది, ఇది ఇవాళో రేపో ఆటోనగర్ వస్తుంది. రెండు గంటల పాటు దుకాణం ముందు కూర్చోబెట్టి లారీలని వినిపించింది ఒకసారి, ఇంగ్లీషుకి ఇది ఫీజు అని. ఆ రోజు తనకి ఎంత హాయిగా ఉందో ఆమెకి చెప్పలేదు. చాలా చెప్పలేదు. పెళ్ళి చేసుకుందామా అని అడిగాడు గానీ, ఇవేవీ చెప్పలేదు.

ఇబ్రహీంపట్నం రింగ్ సెంటర్లో బస్సు ఆగింది. దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ తోసుకుంటున్నారు, నతానియేలు లోపలికి జరగండమ్మా లోపలికి అని అరుస్తున్నాడు, ఆ తోపులాటలోంచి ఒక గొంతు, కాస్త ఆయాసంగా, జలుబుతో, "కొంచెం దారివ్వండీ, అక్కడ మా సార్ ఉన్నారు" అంది.

శరత్‌చంద్ర లేచి నిలబడ్డాడు, పైకమ్మీ తలకి తగిలింది.

"కూర్చోండి కూర్చోండి, తల పగలగొట్టుకుంటారు" అంది ఉషశ్రీ.

"నువ్వేంటి ఇక్కడ?"

"మీ బస్సుకోసం అరగంటనుంచి నుంచున్నా. మీరు ఫోన్ చేసినప్పుడు, ఎలాగూ బస్సు వచ్చేస్తోంది కదా ఎందుకు ఎత్తటమని ఎత్తలా. నో అని పెట్టాగా, దుకాణానికి రావొద్దని?"

"అది మూడోదానికా!"

"ఏం మూడోది?"

"నేను మూడు ప్రశ్నలడిగాను. దేనికి నో పెట్టావో రాయాలి కదా."

"చివర ఏది అడిగితే దానికేగా ఎవరైనా చెప్పేది" అంది ఉష ఆశ్చర్యంగా. రావమ్మ అప్పటికే లేచి, పనసపండుతో సహా పక్కకి తప్పుకుని ఆమెని తన చోట కూర్చోబెట్టింది. బస్సు కదిలింది. కుడివైపునుంచి కృష్ణ మీది గాలి చల్లగా లోపలికొచ్చింది.

"దుకాణానికి ఎందుకు రావొద్దన్నావు?"

"నేనే మాట్లాడేశాను కాబట్టి. మీరొస్తే మా నాన్నతో ఇంగ్లీషు సాహిత్యం మాట్లాడతారు, ఆయన భయపడిపోతాడు."

"ఏమన్నారు?"

"డ్రమ్ము విప్పుతున్నాడు, అది పూర్తిగా విప్పి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. ఇద్దరి పనీ నువ్వొక్కదానివే చెయ్యాల్సొస్తుందేమో, ఆలోచించుకున్నావా అమ్మా అన్నాడు. ఆ మాటకి నాక్కోపం రాలేదండీ, తండ్రి కదా. నేను చెప్పాను, పదేళ్ళనుంచి ఆయన పని నేను కొంత, నా పని ఆయన కొంత చేస్తూనే ఉన్నాం నాన్నా, ఇద్దరిలో ఎవరికీ బరువు తెలీలేదు, ఇప్పుడెందుకు తెలుస్తుంది అని. తర్వాత, మామిడి తోటలవాళ్ళకి ఆదివారం దాకా ఎందుకు, ఇవాళే చెప్పేస్తా అన్నాడు. మీ అమ్మగారిని ఆదివారం భోజనానికి పిలవమన్నాడు. కోడి తినరుగా మీ ఇంట్లో, గుత్తొంకాయ చేయిస్తాడంట."

శరత్‌చంద్ర గొంతు సవరించుకున్నాడు. బస్సులో ఎవరూ మాట్లాడటం లేదని అతనికి తెలుస్తూనే ఉంది, టిక్కెట్ల మిషను కూడా ఊరుకుంది. "అయితే మొదటిదానికి ఏమంటావు?"

"మొదటిదేంటో మళ్ళీ అడగండి. సుత్తి మోతలో విన్నా, సరిగ్గా వినపడలా."

అబద్ధమని అతనికి తెలుసు, ఆమె ఏది విన్నా పూర్తిగా వింటుంది. అడిగాడు. ఈసారి దగ్గలేదు. ఒక్క ప్రశ్నే అడిగి ఆగాడు.

"ఊఁ" అంది ఉషశ్రీ.

"ఏవందీ?" అంది ముందునుంచి గంజిచీరావిడ. "ఊఁ అంది" అని చెప్పింది రావమ్మ, తనే సంబంధం కుదిర్చినంత గట్టిగా, నతానియేలు "రైట్ రైట్" అని అరిచాడు, బస్సు ఆగిందీ లేదు, ఎవరూ ఎక్కిందీ లేదు. గొల్లపూడి వచ్చింది, భవానీపురం వచ్చింది, రావమ్మ దిగుతూ పనసపండు వాసనంతా తనతో తీసుకుపోయింది, ఆదివారం ఏం కట్టుకోవాలి, అమ్మ గుత్తొంకాయలో వెల్లుల్లి తినదు కదా, ఆ సంగతి ఎలా చెప్పాలి, చెప్తే వాళ్ళేమనుకుంటారు, ఇలాంటి దిగుళ్ళన్నీ ఒకటొకటిగా వచ్చి కూర్చుంటూంటే ప్రాణానికి ఎంతో సుఖంగా ఉంది. బస్టాండులో దిగారు. చుట్టూ ఆటోలు, కేకలు, పూలు, డీజిలు. అతను కర్ర విప్పబోయాడు. ఇన్నేళ్ళూ ఎక్కడికి నడవాల్సి వచ్చినా ఉష తన మోచెయ్యి ముందుకి చాపేది, అతను దాన్ని రెండు వేళ్ళతో, పట్టీ పట్టనట్టు పట్టుకునేవాడు, అలాగే పట్టుకోవటం పద్ధతి. ఇవాళ మోచెయ్యి కోసం చాపిన చేతిలోకి ఆమె అరచెయ్యి వచ్చింది, చిన్నది, వేళ్ళ మొదట్లో కాయలు కాసింది, గ్రీజు గీత ఒకటి ఇంకా జిడ్డుగా ఉంది.

"మెట్టుంది" అంది ఉష. ఇద్దరూ దాటారు.